ముందు పడటం నేర్పండి

వేలూరులోనూ గుడియాత్తంలోనూ పిల్లల్ని కరాటేకో సిలంబానికో పంపే ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మొదటి నెలంతా సంబరమే. తెల్ల డ్రెస్సు వేసుకుని ఇంట్లో తలుపుల్ని తంతారు, తమ్ముణ్ణి తంతారు. మూడో నెలో నాలుగో నెలో వచ్చేసరికి కొందరికి సరిగ్గా క్లాసు ఉన్న రోజే కడుపునొప్పి మొదలవుతుంది. బుజ్జగించి అడిగితే, చాలాసార్లు ఆ నొప్పి ఒకే ఒక్క టెక్నిక్ దగ్గర తేలుతుంది. ముందుకు దొర్లి లేవడమో, పక్కకు తిరిగి ఎత్తుగా తన్నడమో, తల మీదుగా కర్ర తిప్పడమో.

అప్పుడు మన ఇళ్లలో వినిపించే మాటలు మనకందరికీ తెలుసు. "ఇంత పిరికివాడివేంట్రా", "నీకంటే చిన్నది, ఆ పిల్ల చేస్తోంది చూడు", "ఫీజు కట్టాం కదా". ఈ మూడింటిలో ఏదీ పిల్లవాడి మోకాలిని సరైన చోట పెట్టదు. భయం ఎక్కడ పుట్టిందో అడగకుండా ధైర్యం చెప్పడం వల్ల ప్రయోజనం లేదని మా అభిప్రాయం. ఎందుకంటే ఆ భయానికి తరచు న్యాయమైన కారణమే ఉంటుంది.

పక్కకు తిరిగి తన్నే దెబ్బనే తీసుకుందాం. నేల మీద ఆనిన కాలి మడమ తిరగాలి. అది తిరగకుండా పై కాలిని విసిరితే మోకాలు మెలిపడుతుంది. ఒకసారి అలా నొప్పి పుట్టిన పిల్లవాడు రెండోసారి వెనకాడితే అది తెలివి. మాస్టరు చేయవలసింది ఆ తన్నును విడదీయడం. గోడ పట్టుకుని మోకాలు ఎత్తి నిలబడటం ఒక వారం, మడమ తిప్పడం ఒక వారం, తరువాత నడుము ఎత్తులో మెల్లగా కాలు చాపడం. వేగం, ఎత్తు చివర్లో వస్తాయి. మన ఊళ్లలో చాలా క్లాసుల్లో ఇది తలకిందులుగా జరుగుతోంది. ముందు ఎత్తు అడుగుతున్నారు.

జపాన్‌లో జిగోరో కానో 1882లో స్థాపించిన కోడోకాన్ జూడోలో కొత్తవాళ్లకు ఎవరినో పడేయడం కంటే ముందు తాము పడటం నేర్పుతారు. దాన్ని ఉకెమి అంటారు. మొదట చాప మీద వెల్లకిలా పడుకుని చేతులతో చాపను కొట్టడం, తరువాత కూర్చుని వెనక్కి వాలడం, తరువాత గొంతుక్కూర్చుని, ఆఖరికి నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు నడికట్టు ముడి మీద ఉంచితే తల వెనక భాగం నేలకు తగలదు. అరచేయి, ముంజేయి ఒకేసారి చాపను తాకితే దెబ్బ ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది. ఊపిరి బిగపట్టకూడదు, వదలాలి. ఇంతే విద్య. కానీ ఇది ఒంటికి పట్టిన పిల్లవాడికి, టెక్నిక్ తప్పితే ఏమవుతుందో ముందే తెలుసు. పడతాడు, లేస్తాడు. తెలియని దెబ్బ గురించిన బెంగ సగం అక్కడే పోతుంది.

దీనికి జపాన్ దాకా వెళ్లనక్కరలేదు. సిలంబంలోనూ పాత పద్ధతి అదే. కర్ర చేతికివ్వకముందు కాలడి, అంటే అడుగుల వరుస, నేర్పేవారు. మే నెల మధ్యలో గుడియాత్తం గంగమ్మ శిరస్సు పండుగ ఊరేగింపులు చూసిన పిల్లలకు మర్నాటికల్లా తామూ కర్ర తిప్పాలనే ఉంటుంది. కాలు కుదరకుండా తన ఎత్తున్న వెదురుకర్రను గిరగిరా తిప్పితే మొదట తగిలేది తన చెవికే, లేదా తన చీలమండకే. పొట్టి కర్రతో, ఒంటి పక్కన మణికట్టు తిప్పడంతో మొదలుపెట్టి, ముందుకు తెచ్చి, చివరికి తల మీదికి తీసుకువెళ్లే గురువు దగ్గర పిల్లలు అంతగా బెదరరు. సిలంబం ఇప్పుడు జాతర ఆట మాత్రమే కాదు. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో దాన్ని ప్రదర్శన క్రీడగా చేర్చారు. తొందరపడే తల్లిదండ్రులు పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చు.

వేలూరు సత్తువాచ్చేరి నుంచి వచ్చిన సతీష్ శివలింగం 2014లో గ్లాస్గోలో, 2018లో గోల్డ్‌కోస్టులో, రెండు కామన్వెల్త్ క్రీడల్లోనూ 77 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచారు. గ్లాస్గోలో ఆయన మొత్తం ఎత్తిన బరువు 328 కిలోలు. పిల్లలకు ఈ అంకె చెబుతాం, సరే. దానితోపాటు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. బరువులెత్తే విద్యలో మొదటి పాఠాలు ఉత్త కర్రతోనో ఖాళీ బార్‌తోనో జరుగుతాయి. ఎత్తు తప్పినప్పుడు బార్‌ను ఒంటి మీద పడకుండా ఎలా వదిలేయాలో కూడా నేర్పుతారు. వదలడం తెలియనివాడు ఎత్తడానికి భయపడటం సహజం.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, దాన్ని మాస్టర్లు పట్టించుకోవడం లేదు. చిత్తూరు సరిహద్దు పల్లెల నుంచి గుడియాత్తం, పేర్నంబట్టు వైపు బడులకు వచ్చే పిల్లలు వీధిలో తమిళం బాగానే మాట్లాడతారు. "ఇడుప్పై తిరుప్పు" అంటే నడుము తిప్పమని వాళ్లకు అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, భయపడ్డప్పుడు నోరు తెరిచి అడగడం వేరు. గుండె దడదడలాడుతున్నప్పుడు ఎనిమిదేళ్ల పిల్లకు "సార్, నా చెయ్యి ఎక్కడ పెట్టాలి?" అన్న ప్రశ్న ఇంటి భాషలోనే వస్తుంది. అది పైకి రాక మింగేస్తుంది. మాస్టరు మొండితనం అనుకుంటాడు. క్లాసులో పెద్ద తరగతి తెలుగు పిల్లనొకరిని పక్కన నిలబెడితే ఈ చిక్కు తీరుతుంది, ఖర్చు లేదు. (ఇచి, ని, సాన్ అని జపనీస్ అంకెలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం తెలుగు, తమిళం, ఉర్దూ పిల్లలందరూ సమానమే. బహుశా అందుకే ఆ భాగం అందరికీ ఇష్టం.)

అల్పసంఖ్యాక భాషల బడుల ఉపాధ్యాయులకు ఈ భయం కొత్త కాదు. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చి 2015-16లో పదో తరగతిని చేరినప్పుడు, తమిళ ప్రశ్నపత్రం ముందు మన పిల్లలు ఎలా బిగుసుకుపోయారో వారికి తెలుసు. అప్పుడు పనికొచ్చింది తిట్లు కావు, అక్షరం అక్షరంగా కూర్చోబెట్టి చెప్పినవారి ఓపిక. ఆ ఓపికే ఆటస్థలంలోనూ కావాలి.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి వస్తుందో వివరిస్తూ, అన్నిటికంటే బలమైనది స్వయంగా చేసి నెగ్గిన అనుభవమేనన్నారు. తనలాంటివాళ్లు చేయగా చూడటం కూడా పనిచేస్తుంది. మాటలతో నచ్చజెప్పడం వాటికంటే బలహీనం. కాబట్టి నల్లబెల్టు మాస్టరు ఎగిరి తన్ని చూపడం కంటే, పోయిన నెల భయపడి ఈ నెల నేర్చుకున్న తోటి పిల్ల చేసి చూపడం మేలు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఏడెనిమిది తరగతుల్లో చాలామంది మానేస్తారు. మగపిల్లల ముందు పడితే నవ్వుతారని, ఆ నాలుగు రోజులు ఇబ్బందని, "కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్లెలా" అని ఇంట్లో అవ్వ గొణుగుతుందని. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలలే. ఆ కాస్త వ్యవధిలో ఎగిరి తన్నడాలు నేర్పబోవడం వృథా. పట్టుకున్న మణికట్టు విడిపించుకోవడం, గట్టిగా అరవడం, పడి వెంటనే లేచి పరుగెత్తడం, ఈ మూడూ భయం లేకుండా వస్తే ఎంతో మేలు.

ఇక "ఇవాళ చేయలేను సార్" అన్న పిల్లవాణ్ణి ఏం చేయాలి? 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాల్లో తన ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియడం లేదని జట్టు ఫైనల్ మధ్యలోనే తప్పుకున్నారు. కొన్ని రోజులకు బీమ్ మీద కంచు పతకం తీసుకున్నారు. 2024లో పారిస్‌లో మూడు బంగారు పతకాలు గెలిచారు. ప్రపంచంలోనే మేటి ఆటగత్తెకు ఉన్న హక్కు మన నాలుగో తరగతి పిల్లవాడికి ఎందుకు ఉండకూడదు? ఆ రోజు ఒక మెట్టు కిందకి దిగి, ముందు వచ్చిన భాగాన్నే చేయనివ్వాలి. ఊరికే కూర్చోబెట్టకూడదు, ఇంటికి పంపకూడదు.

దీనికి కావలసిన సామాను కూడా పెద్దదేమీ కాదు. సిమెంటు నేల మీద దొర్లడం నేర్పితే ఏ పిల్లవాడైనా భయపడతాడు, భయపడాలి కూడా. మందమైన చాపలు కొనలేని బడులు ఒక మూల ఇసుక పోయించుకోవచ్చు, పాత దూది పరుపులు అడిగి తెచ్చుకోవచ్చు.

చివరగా వార్షికోత్సవాల సంగతి. నిప్పంటించిన పెంకులు పిడికిలితో పగలగొట్టించడం, కడుపు మీద రాయి పెట్టి కొట్టడం చూసి మనమంతా చప్పట్లు కొడుతున్నాం. పదహారు, పదిహేడేళ్లదాకా పిల్లల ఎముకల కొసలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, అక్కడ దెబ్బ తగిలితే ఎదుగుదలే దెబ్బతినవచ్చు. పైగా ఆ ఒక్క రోజు కోసం నెలరోజులు నిద్రపట్టని పిల్లలున్నారు. ఈ ఏడాది మన బడుల ప్రధానోపాధ్యాయులు ఆ అంశాన్ని తీసేసి, పిల్లలు వరుసగా వచ్చి వెనక్కి, ముందుకు, పక్కకు పడి లేచే పది నిమిషాల ప్రదర్శన పెట్టాలని కోరుతున్నాం.