ఇంజను ఆగేది గాల్లో, లోపం షెడ్డులో

సొంతంగా కట్టుకున్న చిన్న విమానం రన్‌వే వదిలిన నిమిషంలోపే కూలిందంటే, మర్నాటి వార్తలో కారణం ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఇంజను ఆగింది. ఎందుకు ఆగిందన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

అమెరికాలో ఇలాంటి విమానాలకు ‘ప్రయోగాత్మక’ ధ్రువపత్రం ఇస్తారు. సగానికి మించిన పని ఔత్సాహికులే చేసి ఉండాలి. ఎయిర్‌లైన్లు, సైన్యం కాక మిగిలిన విమానాల్లో ఇవి దాదాపు పదో వంతే. 2011లో ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో మాత్రం వీటి వాటా 21 శాతమని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో తేల్చింది. విమానం కొత్తగా ఎగిరే రోజుల్లోనూ, చేతులు మారిన కొత్తలోనూ ముప్పు ఎక్కువట.

టేకాఫ్‌లో ఇంజను పూర్తి శక్తితో తిరుగుతుంది, ముక్కు పైకి లేచి ఉంటుంది. నేలమీద సాఫీగా నడిచిన ఇంజనుకు ఆ కోణంలో పెట్రోలు చాలకపోవచ్చు. ట్యాంకులో ఊడిన సీలెంటు పెచ్చు, డ్రిల్లింగులో రాలిన అల్యూమినియం పొట్టు అప్పుడే ఫిల్టరుకు అడ్డం పడొచ్చు. దీనికి పరీక్ష బహు చవక. ముక్కు పైకెత్తి నిలిపి, కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి, నిమిషానికి ఎంత పడుతోందో డబ్బాలో పట్టి కొలవడమే. పంపు లేకుండా ట్యాంకు నుంచి దానంతటదే దిగే ఏర్పాటైతే, ఇంజను తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. ఏళ్లపాటు రివెట్లు కొట్టిన మనిషి ఈ ఒక్క పూట పనికి బద్ధకించడం విడ్డూరమే.

ఇంజను ఆగాక వెనక్కి తిరిగి రన్‌వే అందుకోవాలన్న ఆశ ఇంకా ప్రమాదం. 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ వేగం (అంతకు తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) 19 శాతం పెరుగుతుంది. ఉన్న వేగమేమో తరిగిపోతుంటుంది. ఎదురుగా ఏ పొలం దొరికినా అందులోకి దింపడమే మేలు.

ఇంజను ఆగితే ఏమవుతుందో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1970ల్లో డిజైనర్ జిమ్ బీడ్ తెచ్చిన బీడీ-5 విమానం కిట్‌కు వేలమంది ఎగబడ్డారు. అనుకున్న ఇంజను సరఫరా ఆగిపోవడంతో ఎవరికి దొరికింది వారు బిగించుకున్నారు. ప్రొపెల్లర్ వెనక ఎత్తున ఉండటంతో, ఇంజను ఆగితే ముక్కు పైకి లేస్తుంది. వెంటనే దించకపోతే స్టాలే. తొలిసారి ఎగిరినప్పుడే పోయినవాళ్లున్నారు.

కట్టినవాడే మొదట ఎగరాలన్న పట్టుదల నాకు అర్థమవుతుంది, సమర్థించను. కట్టే ఏళ్లలో డబ్బు, తీరిక షెడ్డుకే పోతాయి, ఎగిరే అలవాటు తప్పుతుంది. షరతులకు లోబడి, పరీక్ష దశలో అర్హుడైన రెండో పైలట్‌ను ఎక్కించుకోవడానికి 2014 నుంచి అమెరికాలో వీలుంది. బీడీ-5 లాంటివాటిలో ఆ రెండో సీటే ఉండదు. అలాంటప్పుడు, అదే డిజైను నడిపిన పైలట్‌కు తొలి టేకాఫ్ వదిలేయాలి.