టాప్ 2 శాతం శాలువాలు

మళ్లీ ఆ జాబితా వచ్చింది. జిల్లా ఎడిషన్ తిప్పితే చాలు, ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్’ అని శాలువాల ఫొటోలు, కాలేజీ గేటుకు ఫ్లెక్సీలు. ఈ వారం ఒక న్యూరాలజీ డాక్టరు గారి వార్త చదివాను. పేపర్లు ఎన్ని, సైటేషన్లు (వాటిని ఇతరులు ఉదహరించిన సార్లు) ఎన్ని, హెచ్ ఇండెక్స్ ఎంత, అన్నీ వేశారు. ఆయన ఏ జబ్బు మీద పనిచేశారో మాత్రం ఒక్క ముక్క లేదు.

స్టాన్‌ఫర్డ్‌లో అయోనిడిస్ అనే ప్రొఫెసర్ బృందం స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్ లెక్కలు తీసుకుని ఏటా చేసే జాబితా ఇది. అందులో 2 లక్షల పైచిలుకు పేర్లుంటాయి. ఎవరి పేపర్లలో ఎన్ని వెనక్కి తీసుకున్నారో కూడా ఈమధ్య అందులోనే చూపిస్తున్నారు. ఆ గడిని అచ్చేసిన పత్రిక నాకింకా కనబడలేదు.

హెచ్ ఇండెక్స్ 40 అంటే, కనీసం నలభయ్యేసి సైటేషన్లున్న పేపర్లు ఆ మనిషికి 40 ఉన్నాయని. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. ఈ కొలత దారుణంగా తప్పగలదనీ, చెరుపూ చేయగలదనీ 2020లో ఆయనే రాశాడు. కానీ అప్పటికే ఇంటర్వ్యూ బోర్డులు దాన్ని పట్టుకుని కూర్చున్నాయి.

మెదడు శాస్త్రంలోనే చూడండి. 2006లో సిల్వెన్ లెస్నే బృందం ‘నేచర్’లో ఒక పేపర్ వేసింది. ఒక రకం అమిలాయిడ్ ప్రోటీన్‌ను ఎలుకలకు ఎక్కిస్తే జ్ఞాపకశక్తి దెబ్బతిందని దాని సారాంశం. అల్జీమర్స్ గుట్టు దొరికిందన్నారు. దగ్గర దగ్గర 2,500 సైటేషన్లు వచ్చాయి. 2022లో వాండర్‌బిల్ట్ న్యూరాలజిస్టు మాథ్యూ ష్రాగ్ అందులోని బొమ్మలు దిద్దినట్టున్నాయని అనుమానించాడు. ‘సైన్స్’ పత్రిక దాన్ని బయటపెట్టింది. 2024 జూన్‌లో పేపర్ వెనక్కి తీసుకున్నారు. లెస్నే తప్ప మిగతా రచయితలంతా సరేనన్నారు. మధ్యలో 18 ఏళ్లు గడిచాయి. ఉదహరించిన వేలమందిలో మూల చిత్రాల్ని కళ్లు పెట్టి చూసినవాళ్లు ఎందరు? ఉదహరించడమంటే చదవడమని నమ్మేవాళ్లకు నా నమస్కారం.

ఇక ఆ జబ్బుకు పేరిచ్చిన అలోయిస్ అల్జీమర్ సంగతి. 1906లో ట్యూబింగెన్ సభలో ఒకే ఒక్క రోగి కథ చెప్పాడు. చెప్పి దిగితే ఒక్కరూ ప్రశ్న అడగలేదు. మరుసటి ఏడాది అచ్చయింది కూడా చిన్న వ్యాసమే. ఆ సంవత్సరం మన ప్రమోషన్ కమిటీ ముందు నిలబెడితే ఏమనేవారో!

అసలు నా మంట ఇది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల్ని వంచేస్తోందనీ, నరాల్నీ దెబ్బతీస్తోందనీ 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం రాసింది. ఎముక పెరిగి, వెన్నుపాము నలిగి, కాళ్లు పడిపోయే ఆ తీరును దశాబ్దాల తర్వాత హైదరాబాదు న్యూరోసర్జన్ దేమె రాజారెడ్డి గారు వివరంగా రాశారు. (పాత నాణేల చరిత్ర మీదా ఆయన పుస్తకాలున్నాయి. ఏ ఇండెక్స్‌లో వేస్తారు?) పొదిలి బావుల పక్కన పుట్టిన జబ్బును బోస్టన్‌లో ఎవరు ఉదహరిస్తారు? అక్కడ ఆ నీళ్లు తాగేవాళ్లు లేరు. సైటేషన్ లెక్కలో పేదవాడి జబ్బు ఎప్పుడూ వెనక బెంచీయే. కుర్ర డాక్టర్లకు ఇది త్వరగానే తెలిసిపోతుంది. అందుకే సైటేషన్లొచ్చే జబ్బు వెతుక్కుంటారు. వాళ్లనేం అనను.

మెడికల్ కాలేజీలో పై మెట్టెక్కాలంటే ఇండెక్స్‌డ్ జర్నల్‌లో పేపర్లు ఉండాలని నిబంధన. అన్నీ ఇంగ్లీషులోనే. కానీ పల్లెకు కావలసింది వేరు. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే, మొదలైన నాలుగున్నర గంటల్లోపు స్కాన్ తీసి, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తే కోలుకునే అవకాశం పెరుగుతుంది. మా ఊళ్లో మూతి వంకరపోయినవాణ్ణి ఇప్పటికీ ముందు పసరు మందుకు తీసుకెళ్తారు. స్కానింగ్ గుర్తొచ్చేసరికి తెల్లారుతుంది. ఈ నాలుగున్నర గంటల ముచ్చటను పల్లెవాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాసి, ప్రతి పీహెచ్‌సీ గోడకూ, ఆర్టీసీ బస్టాండుకూ అంటించే న్యూరాలజిస్టు ఉంటే శాలువా నేనే కొనిస్తాను. ప్రమోషన్ ఫారంలో ఆ పేజీ రాసుకోవడానికి మాత్రం గడి లేదు.