ముందు చెప్పే కరుస్తుంది

నా కిందటి నవలలో ఒక వడ్డీవ్యాపారి ఉన్నాడు. "సొరచేపలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు" అని వాడి గురించి రాసి, ఉపమానం భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. జువాలజీ చదువుతున్న మా అమ్మాయి సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగి, "సొరచేపని నువ్వెప్పుడైనా చూశావా అమ్మా?" అంది.

"చూడకేం! నువ్వు పుట్టినప్పుడు కాకినాడలో మీ అమ్మమ్మ, పాలు పడతాయని పాలసొర వండి పెట్టలేదూ?"

"అంటే దాన్ని నువ్వు తిన్నావు. అది నిన్ను తినలేదు" అంది, నవ్వకుండా.

అది తెచ్చి పడేసిన పుస్తకాలు చదివాక నాకు ఒళ్ళు మండింది. సొరచేప మీద కాదు, నాబోటి రాతగాళ్ళ మీద.

గ్రే రీఫ్ షార్క్ అని ఒక జాతి ఉంది. హిందూ మహాసముద్రంలోనూ, పసిఫిక్‌లోనూ పగడపు దిబ్బల అంచున తిరుగుతుంటుంది. మన లక్షదీవుల్లో, అండమాన్‌లో కూడా ఉంది. మామూలుగా ఆరడుగులకు అటూ ఇటూగా ఉంటుంది. మనిషి నీళ్ళలోకి దిగితే ఏం చేస్తుందనుకున్నారు? వీధిలో కొత్తమొహం కనబడితే మనం చేసేదే. కాస్త దగ్గరకొచ్చి, ఓ చూపు చూసి, తన దారిన తాను పోతుంది.

మనిషి ఊరుకుంటేగా! వెంటపడతాడు. దిబ్బకూ తనకూ మధ్య ఇరికిస్తాడు. అప్పుడది ముట్టె పైకెత్తుతుంది. ముందురెక్కలు రెండూ కిందికి దించేస్తుంది. వీపు విల్లులా వంచి, ఒళ్ళు బిగబట్టి, తల అటూ ఇటూ విసురుతూ ఈదుతుంది. ఒక్కోసారి నీళ్ళలో ఎనిమిది అంకె చుడుతుంది. "నాయనా, దారి వదులు" అని ఇంతకంటే మర్యాదగా ఎలా చెప్పాలండీ నోరులేని జీవం? జాన్సన్, నెల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పసిఫిక్‌లోని ఎనెవెటాక్ దీవి దగ్గర నీళ్ళలో దిగి, కావాలని దాని మీదికి దూసుకెళ్ళి చూసి, 1973లో ప్రకటించారు: పారిపోయే దారి ఎంత మూసుకుపోతే ఈ హెచ్చరిక అంత గట్టిగా ఉంటుందట.

అప్పటికీ మనవాడు తగ్గకపోతే, కెమెరా ఫ్లాషు వెలిగించినా చాలు, ఒక కాటు వేసి పారిపోతుంది. ఆకలికి కాదు.

మన ఇళ్ళల్లో చూడండి. కోడలు మాట్లాడ్డం మానేస్తుంది, గిన్నె చప్పుడయ్యేలా పెడుతుంది, గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది. అవేవీ ఎవరికీ కనబడవు. చివరికి ఒక్క మాట తూలిందా, "అమ్మో, దాని నోరు!" అది మాత్రం పది ఊళ్ళకు తెలుస్తుంది.

అలాగని ఇది సాధుజంతువని నేననను. పొడిచిన చేపని నెత్తురోడుతుండగా వెంటబెట్టుకుని ఈదేవాడి మీదికి వస్తుంది. మాంసం కొట్టు ముందు పొట్లం ఊపుకుంటూ నడిస్తే వీధికుక్క రాదూ?

పీటర్ బెంచ్లీ అనే అమెరికన్ రచయిత 1974లో 'జాస్' నవల రాశాడు. మర్నాటి ఏడాది సినిమా వచ్చి లోకాన్ని హడలగొట్టింది. అందులోది వేరే జాతి, గ్రేట్ వైట్. జడుసుకున్నవాళ్ళకి ఆ పట్టింపేముంది? తర్వాత ఆ బెంచ్లీయే, తెలిసొచ్చాక ఇప్పుడైతే ఆ పుస్తకం రాయలేనని ఒప్పుకున్నాడు. 2006లో పోయేదాకా సొరచేపల్ని కాపాడమని చెబుతూనే ఉన్నాడు. మా వృత్తిలో అంత నిజాయితీ అరుదు సుమండీ!

కవ్వించకుండా సొరచేప కరిచి చచ్చిపోయేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద సగటున ఏడాదికి పదిమంది కూడా ఉండరు. మనం చంపేవి? ఏడాదికి సుమారు 10 కోట్లని 2013లో లెక్కగట్టారు. రెక్కల సూపుకీ, మాంసానికీ. ఈ గ్రే రీఫ్ షార్క్ ఈడుకు రావడానికే ఏడేళ్ళు పడుతుంది. ఏడాదిపాటు కడుపున మోసి, ఏడాది విడిచి ఏడాది కంటుంది. అదీ ఆరు పిల్లలకు మించదు. 2020లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. ఇంతకీ నరహంతకి అన్న పేరు మాత్రం దానికి!

మొన్న నా నవల రెండో ముద్రణకి ప్రూఫులొచ్చాయి. ఆ వాక్యం కొట్టేశాను. మా వడ్డీవ్యాపారి ముందు హెచ్చరించి కరిచే రకం కాదు మరి. ఇప్పుడు వాడు వడ్డీవ్యాపారిలాగే నవ్వుతున్నాడు.