ముద్దాయిల కాగితాల్లో ఉన్న వాడ ఫిర్యాదుల కాగితాల్లో ఎందుకు లేదు?

పోలీసు స్టేషనుకు పోయి, మా వాడ మీద జరిగిన దాడి కేసు కాగితాలు కావాలని అడిగాం. రైటరు తలెత్తకుండానే "ఏ ఊరు?" అన్నాడు. వాడ పేరు చెప్పాం. "ఆ పేరుతో ఊరు లేదే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే లేదు. రెవెన్యూ లెక్కల్లో ఊరికి నంబరుంది, వాడకు లేదు. మూడొందల గడప, రెండు చర్చిలు, ఒక అంబేద్కర్ విగ్రహం, ఓట్లప్పుడు వచ్చే జీపులు, అన్నీ ఉన్నాయి. అయినా అది ఊరు కాదంట, ఊరికి శివారంట. 2018లో తెలంగాణలో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చి చాలా తండాల్నీ గూడేల్నీ పంచాయతీలు చేశారు. మంచిదే. మాలపల్లె, మాదిగవాడ మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఊరికి తోకలాగానే మిగిలిపోయాయి.

మరి పోలీసు కాగితాల్లో మన వాడ అసలు కనిపించదా? ఎందుకు కనిపించదు! ముద్దాయిల చిరునామా రాసేచోట "ఎస్సీ కాలనీ" అని గుండ్రటి అక్షరాలతో రాస్తారు. మనం దెబ్బలు తిన్న కేసులో మాత్రం నేరస్థలం దగ్గర ఊరి పేరు పడుతుంది. అంటే దెబ్బలు తిన్నది ఊరు, కొట్టింది కాలనీ! ఈ ఒక్క ముక్క అర్థమైతే మనం చెప్పబోయేదంతా అర్థమైనట్టే.

మా మండలంలో 2017లో జరిగిన సంగతి చెప్తాం. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, కారణం మీకే తెలుస్తుంది. వాడలో ఒక ముసలాయన చనిపోతే శవాన్ని ఊరి సెంటరు మీదుగా తీసుకుపోయారు. శ్మశానానికి వేరే దారి లేదు, ఉన్న డొంకను పొలంలో కలుపుకున్నారు. డప్పు ఆపమన్నారు. ఆపలేదు. పాడె మోసేవాళ్లను కర్రలతో కొట్టారు. ఇద్దరు పెద్దాసుపత్రిలో పడ్డారు. రాత్రి తొమ్మిదింటికి వాడ జనం స్టేషనుకు పోయి ఫిర్యాదు రాసిస్తే, ఎస్సై లేడు పొద్దున రండి అన్నారు. పొద్దున పోయేసరికి ఊరి పెద్దల ఫిర్యాదు నమోదై కూర్చుంది. వాళ్లది ముందు నంబరు, మనది దాని తర్వాతి నంబరు. వాళ్ల కేసులో మన పదిహేడుమంది మీద హత్యాయత్నం. ఆరుగురు జైలుకు పోయారు. ఆ కేసు సెషన్స్ కోర్టులో ఐదేళ్లు నడిచి కొట్టేశారు.

మన కేసు ఏమైంది? ఎవరికీ తెలియదు. ఎనిమిదేళ్లుగా ఆ కుటుంబం "కోర్టులో ఉంది" అనుకుంటూనే ఉంది. దెబ్బలు తిన్న కుర్రాడి తల్లిని అడిగితే, "ఏమో నాయనా, ఒకసారి పోలీసాయన వచ్చి డబ్బులొస్తాయి వేలుముద్ర వెయ్యమంటే వేశాను, ఇంక రాలేదు" అంది. డబ్బులు రాలేదు. వచ్చింది వేరే. కోర్టులో వాకబు చేస్తే తేలింది: ఆ వేలుముద్ర నష్టపరిహారం కాగితం మీద కాదు, "మీ కేసు తప్పుడు కేసని తేల్చాం" అనే నోటీసు మీద. ఆమె అభ్యంతరం చెప్పలేదు కాబట్టి కేసు మూసేశారు. చదువురాని తల్లి, తన బిడ్డకు దెబ్బలే తగల్లేదని తనే ఒప్పుకున్నట్టు రికార్డయింది.

ఇక్కడ ఒక్క మాట. ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి, ఆమె మాట వినకుండా మేజిస్ట్రేటు ఇలా మూసేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. ఎప్పుడు? 1985లో. కారంచేడు జరిగిన ఏడాదే. నలభై ఏళ్లయినా ఆ తీర్పు మన వాడకు రాలేదు, నోటీసు మాత్రం వచ్చింది. అది కూడా చదివి వినిపించకుండా.

ఈ కాగితాలు సంపాదించడానికి మాకు పదకొండు నెలలు పట్టింది. ఎందుకంత కాలమంటే, ఒకే కేసుకు మూడు పేర్లుంటాయి. స్టేషన్లో దాన్ని నేరం నంబరు అంటారు. మేజిస్ట్రేటు కోర్టుకు పోతే పీఆర్సీ నంబరు, సెషన్స్‌కు పోతే ఎస్సీ నంబరు. (ఈ ఎస్సీ మన ఎస్సీ కాదు, సెషన్స్ కేసు!) స్టేషన్లో కోర్టు నంబరు చెప్పమంటారు, కోర్టులో స్టేషను నంబరుతో పని లేదంటారు, మనిషి మధ్యలో తిరుగుతుంటాడు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో అట్రాసిటీ కేసుల్ని ప్రత్యేక కోర్టు నేరుగా తీసుకోవచ్చు, అయినా పాత కేసులు పాత నంబర్ల కిందే వెతకాలి. పైగా 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రాలో జిల్లాలు చీల్చారు. చుండూరు ఒకప్పుడు గుంటూరు జిల్లా, కారంచేడు ప్రకాశం జిల్లా. 2022లో రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారితే పాత ఫైలు ఎక్కడుందో చెప్పే నాథుడు ఉండడు. కొన్ని ఫైళ్లకు గడువు తీరిందని నాశనం కూడా చేస్తారు, రూల్సు ప్రకారమే.

ఇవన్నీ సామాన్యుడికి కూడా ఉన్న తిప్పలే కదా అని ఊళ్లో ఒక మాస్టారు అన్నాడు. కాదు మాస్టారూ. ఊరి పెద్దల కేసు కాగితాలు మాకు ఒక్క పూటలో దొరికాయి. వాళ్ల లాయరు గుమాస్తా అల్మారాలో నంబర్లతో సహా ఉన్నాయి. మన కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే మనకు ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు.

ఇవ్వక్కర్లేదా? ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు డబ్బు తీసుకోకుండా వెంటనే ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు 154వ సెక్షన్లో ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం 173వ సెక్షన్లోనూ ఉంది. అట్రాసిటీ చట్టం 1995 రూల్సులో 5వ రూలూ అదే. సవరించిన అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, ఛార్జిషీటు నకలు ఉచితంగా ఇవ్వాలి, బెయిలు విచారణతో సహా కోర్టులో ఏం జరిగినా బాధితులకు ముందుగా తెలపాలి అంది. కొత్త క్రిమినల్ చట్టం ప్రకారం ఏ కేసులోనైనా 90 రోజుల్లో దర్యాప్తు సంగతి ఫిర్యాదుదారుకు తెలియజేయాలి. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్లను 24 గంటల్లో పోలీసుల వెబ్‌సైట్లో పెట్టమంది. (ఆడవాళ్ల మీద లైంగిక నేరాల్లాంటివి పెట్టరు, అది సరే.) ఇన్ని చట్టాలుండి, మా తల్లి చేతిలో ఒక్క కాగితం లేదు. చట్టం చేయడం ఢిల్లీలో, ఇవ్వడం రైటరు చేతిలో.

అందుకే ఈ పత్రిక చదివే కార్యకర్తలకు చెప్తున్నాం. స్టేషన్లో లేదంటే లేనట్టు కాదు. మొదట రెవెన్యూ గ్రామం పేరుతో అడగండి, వాడ పేరుతో కాదు. ఎఫ్ఐఆర్‌లోనే జనరల్ డైరీ ఎంట్రీ నంబరు, టైము రాసే గడి ఉంటుంది, అది చూడండి. రాత్రి తొమ్మిదింటికి మనం పోయిన సంగతి ఆ డైరీలో ఉందా లేదా? దాన్ని సమాచార హక్కు కింద అడగండి. తెల్లకార్డు జత చేస్తే ఫీజు లేదు. దర్యాప్తులో ఉందని ఒక్క మాటతో తిప్పికొడితే ఒప్పుకోవద్దు. సమాచారం ఇస్తే దర్యాప్తు ఎట్లా ఆగిపోతుందో వాళ్లే చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేటు చేతికి ఏ టైముకు అందిందో ఆయన సంతకం పక్కనే ఉంటుంది. మాకు అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఆసుపత్రి. పోలీసు కేసు గాయాలకు ఆసుపత్రిలో వేరే రిజిస్టరు ఉంటుంది. ఎవరు తెచ్చారు, ఎన్నింటికి తెచ్చారు, ఎవరు కొట్టారని చెప్పారు అన్నీ అందులో ఉంటాయి. మన కుర్రాడి పేరు ఆ రాత్రి ఎనిమిది గంటల పది నిమిషాలకు అందులో ఉంది. ఊరి పెద్దల తరఫు గాయపడ్డాయన మరునాడు పదకొండింటికి చేరాడు. నేరం నంబర్లు తలకిందులైనా ఆసుపత్రి గడియారం తలకిందులు కాలేదు.

ఇంకో చోటు ఎవరికీ తట్టదు. నష్టపరిహారం ఫైలు పోలీసుల దగ్గర ఉండదు, కలెక్టరు కింద సాంఘిక సంక్షేమ శాఖలో ఉంటుంది. పరిహారంలో ఒక భాగం ఎఫ్ఐఆర్ అయినప్పుడే ఇవ్వాలి కాబట్టి ఎఫ్ఐఆర్ నకలు ఆ ఫైల్లో ఉండి తీరాలి. స్టేషన్లో ఎలుకలు తిన్నా అక్కడ దొరుకుతుంది. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. జిల్లాలో ఎన్ని కేసులు మూసేశారో, ఏ కారణంతో మూసేశారో ఆ లెక్క కమిటీ ముందుకు రావాలి. మన సభ్యులు అక్కడ టీ తాగి సంతకం పెట్టి వస్తున్నారు. ఈసారి మండలాలవారీ జాబితా అడిగి తెచ్చుకోమనండి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. "అట్రాసిటీ చట్టం దుర్వినియోగమవుతోంది, చూడండి ఎన్ని తప్పుడు కేసులో" అని పెత్తందార్లు, వాళ్ల పత్రికలు, వాళ్ల లాయర్లు లెక్కలు చూపిస్తారు. ఆ లెక్కలు ఎక్కడివి? ఈ తల్లి వేలుముద్రలాంటివి కూడగట్టినవే. మూసేసిన వాడే లెక్క రాస్తాడు, రాసిన లెక్కను సాక్ష్యంగా చూపిస్తాడు. ఆ ఫైళ్లు మనం తెరిచి చదివితే కదా ఎన్ని తప్పుడు కేసులో, ఎన్ని తప్పుడు మూసివేతలో తేలేది!

చుండూరు గుర్తు తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న పోలీసు పికెట్ ఊళ్లో ఉండగానే ఎనిమిదిమందిని నరికి చంపి, గోతాల్లో కట్టి తుంగభద్ర కాలువలో పడేశారు. మనవాళ్లు పోరాడి కోర్టునే చుండూరికి రప్పించారు, దేశంలో అది మొదటిసారి. కానీ విచారణ మొదలైంది 2004లో. పదమూడేళ్ల తర్వాత! 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది, ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేదని. కళ్లతో చూసినవాళ్లు నిలబడి చెప్పారు. 1991లో మొదటి రోజుల్లో పోలీసు సరిగ్గా రాయనిది 2014లో జడ్జి ఎక్కడ చదువుతాడు? కారంచేడు కూడా అంతే. 1985 జులై 17న ఆరుగుర్ని చంపితే, హైకోర్టు 1998లో కొట్టేస్తే, సుప్రీంకోర్టులో తేలేసరికి 2008. ఇరవై మూడేళ్లు కాగితం పట్టుకుని తిరిగారు.

మన మీద రాసే కాగితాలకు మాత్రం ఏ గడువూ లేదు. మా పదిహేడుమందిలో నలుగురి మీద రౌడీషీట్లు తెరిచారు. కేసు కొట్టేసినా షీటు తీయలేదు. వినాయక చవితి వస్తే స్టేషనుకు పిలుస్తారు, ఓట్లొస్తే బైండోవరు. వాళ్లలో ఒకతను ఇప్పుడు ఆటో నడుపుతాడు, బాడుగ మానుకుని పోయి సంతకం పెట్టి రావాలి. ఇది కొత్తదేం కాదు. తెల్లదొరలు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, 1911లో మద్రాసు రాజధానికి పాకించి, ఎరుకల సోదరుల్ని పుట్టుకతోనే దొంగలని రిజిస్టర్లలో ఎక్కించారు. స్టూవర్టుపురం అట్లా పుట్టిందే. 1952లో ఆ చట్టం పోయింది, రిజిస్టరు బుద్ధి పోలేదు. 2024 మే నెలలో సుప్రీంకోర్టే, హిస్టరీ షీట్లలో వెనకేయబడిన కులాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కిస్తున్న సంగతి చూసుకోమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. మా ఎస్సైకి ఈ రెండు తీర్పులూ నకళ్లు తీసి ఇచ్చాం. "పైనుంచి ఆర్డరు రాలేదు" అన్నాడు.

మన లోపల సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇది సగం మాటే అవుతుంది. 2017లో ఆ వాడకు ఐదు సంఘాలు వచ్చాయి. ఫొటోలు దిగారు, ధర్నా చేశారు, ఫిర్యాదు నకలు, గాయాల సర్టిఫికెట్లు "మేం చూసుకుంటాం" అని పట్టుకుపోయారు. ఒక్కరూ తిరిగి ఇవ్వలేదు. అందులో మా సంఘమూ ఉంది. మా కాగితాల సంచి మా పాత ఆఫీసు ఖాళీ చేసినప్పుడు చెదలు పట్టి దొరికింది. బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాసింది చట్టాన్ని జనం చేతికివ్వడానికి. మనం జనం చేతిలో కాగితం కూడా లాక్కొచ్చాం.

ఆ తల్లికి ఇప్పుడు ఒక రేకు పెట్టె కొనిచ్చాం. ఆసుపత్రి రిజిస్టరు నకలు, మూసివేత నోటీసు నకలు, కోర్టు నకలు దరఖాస్తు రసీదు అందులో ఉన్నాయి. తాళంచెవి ఆమె కొంగుకే ఉంది, మాకు కావాలన్నా ఆమె ముందే తీసి చదవాలి. మూసేసిన కేసు మీద అభ్యంతరం పిటిషను తయారైంది. ఆలస్యం ఎందుకైందో రాసే పేరా దగ్గర లాయరు ఆగితే, ఆమె "ఆ వేలుముద్ర ఎట్లా వేయించుకున్నారో అదే రాయి బాబూ" అంది. వచ్చే పక్షం దాన్ని ప్రత్యేక కోర్టులో వేస్తాం. పొద్దున పదింటి బస్సుకు వాడ నుంచి పదిమంది బయల్దేరుతున్నారు, దగ్గర మండలాల వాళ్లు కోర్టు గేటు దగ్గర కలవండి.