ఊహించిన పేరుకు ఊహ అన్న ముద్ర ఉండాలి

2018 అక్టోబరులో అమెరికాలో డార్క్ హార్స్ సంస్థ మారియో ఆటల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చింది. మొదటి ముప్ఫై ఏళ్లకు అధికారిక గైడు అని అట్ట మీదే వేశారు. 2015లో జపాన్‌లో షోగకుకాన్ వేసిన పుస్తకానికి అది ఇంగ్లిష్ అనువాదం. చేతికందగానే అభిమానులు ఒక సంగతి పట్టుకున్నారు. అందులోని కొన్ని శత్రుపాత్రల పేర్లు ఆ ఆటలు తయారుచేసే నింటెండో పెట్టినవి కావు. ఇంగ్లిష్‌లో అధికారికమైన పేరు ఎక్కడా దొరక్క, సూపర్ మారియో వికీలో రాసేవాళ్లు తాత్కాలికంగా తామే పెట్టుకున్నవి. ఇది ఊహించిన పేరు అని తెలిపే మూస వికీలో అలాంటి పేజీల నెత్తిన ఉంటుంది. పుస్తకంలోకి పేర్లు వెళ్లాయి, ఆ హెచ్చరిక వెళ్లలేదు.

ఆటలో బొమ్మ పేరు తప్పయితే మునిగిపోయేదేముంది అంటారు కొందరు. నేనలా అనుకోను. కాలేజీ లైబ్రరీలో కేటలాగు చేయడం నా ఉద్యోగం, తీరికవేళల్లో ఈ వికీలో దిద్దుబాట్లు చేయడం నా ఇష్టం. రెండు చోట్లా పని ఒకటే. ముఖపత్రం చిరిగిపోయిన పాత పుస్తకం వస్తే, లోపల చదివి దానికి మేమే ఒక శీర్షిక రాస్తాం. రాసి చదరపు బ్రాకెట్లలో పెడతాం. ఈ మాట పుస్తకంలో లేదు, కేటలాగు చేసినవాళ్లు పెట్టింది అని ఆ రెండు గీతలూ చెబుతాయి. వికీ మూస చేసే పనీ అదే. అది లేని పేరు కొన్నేళ్లు తిరిగితే దాన్ని ఎవరు పెట్టారో కనుక్కునే దారి ఉండదు.

పేరు ఎక్కడి నుంచి తీసుకోవాలి అన్నదానికి వికీల్లో వరస ఉంటుంది. ముందు ఆటలో తెర మీద కనిపించే పేరు, తర్వాత ఆటతో వచ్చిన చిన్న పుస్తకం, ఆ తర్వాతే మిగతావి. మంచి నియమమే, కానీ గుడ్డిగా పాటిస్తే బోల్తా పడతాం. 1988లో అమెరికాలో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 2 చూడండి. నెత్తిన రిబ్బను, గులాబీ రంగు ఒళ్లు, నోట్లోంచి గుడ్లు ఉమ్మే పాత్ర ఒకటుంది. ఆటతో ఇచ్చిన పుస్తకంలో దాని పేరు బర్డో. ఆట గెలిచాక చివర్లో పాత్రలన్నిటినీ పేర్లతో చూపిస్తారు కదా, అక్కడ దాని కింద ఆస్ట్రో అని పడుతుంది. ఆస్ట్రో నిజానికి అదే ఆటలోని ఉష్ట్రపక్షి. ఆ పక్షి కింద బర్డో అని ఉంటుంది. రెండూ తారుమారయ్యాయి. తెర మీది మాటే వేదమనుకుంటే పేజీ ఆస్ట్రో పేరున పెట్టాలి. కానీ ఆటతో వచ్చిన పుస్తకం బర్డో అంటోంది, 2000లో వచ్చిన మారియో టెన్నిస్‌లో మనం ఎంచుకుని ఆడగలిగే పాత్రగా వచ్చింది కూడా బర్డోయే. కాబట్టి శీర్షిక బర్డో. ముగింపులో పడిన తప్పును మాత్రం చెరపకూడదు. ఏ ఆటలో, ఏ చోట, ఏమని పడిందో పేజీలో రాయాలి. రేపు ఎవరైనా ఆ ముగింపు చూసి ఇదేమిటని వెతికితే జవాబు అక్కడ దొరకాలి.

పేర్లు మారినప్పుడూ అంతే. 1985 నాటి మొదటి ఆటలో రాకుమారి ఇంగ్లిష్‌వాళ్లకు టోడ్‌స్టూల్, జపాన్‌వాళ్లకు పీచ్. 1996లో సూపర్ మారియో 64 మొదట్లో మారియోకు వచ్చే ఉత్తరంలో రెండు పేర్లూ ఉంటాయి. ఇప్పుడు అందరికీ పీచే. పాత పేరుతో వెతికేవాళ్లకు దారిమార్పు ఉంటే చాలు. చిన్నప్పుడు ఆడిన ఆటలోని పేరే అసలుదని పట్టుబట్టి శీర్షికను వెనక్కి తిప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాళ్ల అభిమానం నాకు తెలుసు, కానీ వికీ పేజీ ఎవరి బాల్యానికీ సొంతం కాదు.

రాసే తీరు గురించి ఒక్కమాట. బర్డోను ఓడించడం చాలా తేలిక అని రాస్తే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. అది ఉమ్మిన గుడ్డు మీదికెక్కి, దాన్ని ఎత్తి, తిరిగి విసరాలి, మూడు దెబ్బలకు పడిపోతుంది అని రాస్తే పనికొస్తుంది. తేలికో కష్టమో ఆడేవాడే తేల్చుకుంటాడు.

మా తరం టీవీకి తగిలించే వీడియోగేముల్లో, క్యాసెట్లు ఊది పెట్టుకుంటూ ఈ ఆటలు ఆడింది. ఆటతో వచ్చే చిన్న పుస్తకం లేదు, పేర్లు తెలియవు. శత్రుపాత్రల్లో గూంబాను పుట్టగొడుగు అన్నాం, కూపాను తాబేలు అన్నాం. ఆ పిలుపులంటే నాకు ఇప్పటికీ ప్రాణం. తెలుగులో ఆటల వికీ మొదలుపెట్టాలని ఉత్సాహపడే పిల్లలకు నేను చెప్పేదొకటే. ఆ పేర్లను తప్పకుండా రాయండి, తెలుగు పిల్లలు ఇలా పిలిచేవారు అని పేజీ లోపల రాయండి. శీర్షిక మాత్రం గూంబా అనే ఉండాలి.

ఇక డార్క్ హార్స్ పుస్తకం సంగతి. అచ్చయింది, పైగా అధికారికం, కాబట్టి ఆ పేర్లిప్పుడు ఖాయమైనట్టే, మూస తీసేద్దాం అని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వికీ ఊహించింది, పుస్తకం ఎత్తి రాసుకుంది, మళ్లీ ఆ పుస్తకాన్నే చూపించి వికీ తన ఊహను నిజమంటే, మన సాక్ష్యం మనమే చెప్పుకున్నట్టు. ఆ పేర్లను నింటెండో ఏదైనా ఆటలో తానుగా వాడిన రోజున ఒప్పుకుందాం, ఆ ఆట పేరూ సంవత్సరమూ మూలంగా ఇద్దాం. అప్పటిదాకా ఆ పేజీల మీద మూస ఉండాల్సిందే. పైన చిన్న పట్టీగా కాదు, నకలు చేసుకునేవాళ్లు శీర్షికతో పాటు తీసుకోక తప్పనట్టు దాని పక్కనే ఉండాలి.