సాకెట్ల లెక్క, తీగల లెక్క

ముప్పది యేండ్ల క్రిందట మేము కట్టుకొన్న యింటిలో, పండ్రెండడుగుల వెడల్పును పదునాలుగడుగుల పొడవును గల పడకగదికి, స్విచ్చిబోర్డునందే అమర్చిన 5 ఆంపియర్ల ప్లగ్గుపాయింటు ఒక్కటే యుండెడిది. రేడియోకును, వేసవిలో టేబిలు ఫ్యానుకును అది చాలుటచేత, రెండవదాని యవసరము కలుగునని మాలో ఎవ్వరికిని తోచలేదు. నేడదే గదిలో కుమారుని కంప్యూటరును, కోడలి ఇస్త్రీపెట్టెయు, నలుగురి సెల్లుఫోనుల చార్జర్లును, పెండ్లిబంతి లేచిన పిమ్మట ఒక్క కుళాయివద్ద గుమిగూడిన అతిథులవలె, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సును ఆశ్రయించియున్నవి. అందుచేత ఆరు సాకెట్లు పెట్టింపదలచి కరెంటు మేస్త్రీని పిలిపించితిని. అతడు గోడవంక ఒక చూపు చూచి, "బోర్డులోంచి లూప్ కొట్టేద్దాం మాస్టారూ, ఒక్కపూటలో అయిపోతుంది" అనెను.

లూపనగా ఉన్న పాయింటునుండి రెండవదానికిని, దానినుండి మూడవదానికిని తీగలను గొలుసుగా సాగించుకొనిపోవుట. గోడ కొట్టుపని తగ్గును, తీగయు కలిసివచ్చును. కాని ఆ గొలుసున ఎన్ని సాకెట్లు వ్రేలాడినను, వాని సమస్తభారమును మొదటి మూరెడు తీగయు, మొదటి మరయు మోయవలసినదే. 1000 వాట్ల ఇస్త్రీపెట్టెయు, 1500 వాట్ల కెటిలును, 1200 వాట్ల హెయిర్ డ్రయ్యరును ఏకకాలమున పనిచేసెనేని, 230 వోల్టులవద్ద ప్రవాహము 16 ఆంపియర్లు దాటును. దీపములకును పంకాలకును వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, గోడలోని పైపునందు గాలియాడక, అంతటి ప్రవాహమును చిరకాలము భరింపజాలదు. వేడిమి ప్రవాహముయొక్క వర్గమును అనుసరించి పెరుగును గనుక, ప్రవాహము రెట్టింపైనచో వేడిమి నాలుగింతలగును. దీనిని జూల్ నియమమను పేర బడిలో వల్లించి మార్కులు తెచ్చుకొన్న మనమే, ఇల్లు కట్టించునాటికి మరచిపోవుచున్నాము.

ఇట్టి భారమునకు, ప్రవాహము మితిమీరినచో సరఫరాను తెంపు ఎం.సి.బి. మాటిమాటికి పడిపోవుట సహజము. దానినే అపరాధిగా నెంచి, 16 ఆంపియర్లదానిని ఊడదీయించి 32 ఆంపియర్లది బిగింపించుకొను గృహస్థులను నేనెఱుగుదును. పూర్వము ఫ్యూజు కాలినప్పుడెల్ల మరి రెండు పోగులు అధికముగా చుట్టిన తండ్రులకు వీరు తగిన కుమారులు. మొరిగిన కుక్కను తరిమివేసి హాయిగా నిద్రించుట యన్నమాట!

కావున సాకెట్లు ఆరైనను పదియైనను నాకు పట్టింపు లేదు. మెయిన్ బోర్డునుండి వానికొఱకు విడిగా బయలుదేరు తీగలు ఎన్ని యనునదే నా ప్రశ్న. మేస్త్రీతో కొంత వాదులాడి, ఇస్త్రీపెట్టె వంటివానికై 16 ఆంపియర్ల పాయింటును 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో దాని ఎం.సి.బి. దానికే యుండునట్లును, తక్కిన ఐదు చిన్న పాయింట్లను వేరొక తీగపైనను పెట్టించితిని. రెండవ ప్రపంచయుద్ధానంతరము రాగి కొరతకు లోనైన ఆంగ్లేయులు గదుల చుట్టును తీగను వలయముగా త్రిప్పి బోర్డునకే చేర్చు పద్ధతిని అవలంబించిరి గదా యని మావాడొకడు వాదించెను. నిజమే, కాని 1947లో వారు ప్రవేశపెట్టిన దీర్ఘచతురస్రాకారపు పిన్నుల ప్లగ్గులో చిన్న ఫ్యూజొకటి యుండును, మన గుండ్రని పిన్నుల ప్లగ్గులో అది లేదు.

అన్నిటికంటె మిక్కిలి యుపేక్షకు గురియైనది సాకెట్టులోని మూడవ రంధ్రము. ప్లగ్గు గ్రుచ్చునప్పుడు ముందుగా తగిలి, ఊడదీయునప్పుడు చివరగా విడివడునట్లు ఎర్తు పిన్నును తక్కిన రెంటికంటె పొడవుగా చేసినారు. కాని లూపు కొట్టు తొందరలో ఫేజును న్యూట్రలును మాత్రమే లాగి, ఎర్తు తీగను విడిచిపెట్టిన యిండ్లలో ఆ రంధ్రము వట్టి అలంకారము. అట్టి యిండ్లలోనే, "గ్రైండరు జిల్లుమంటోంది, చెప్పులేసుకుని ముట్టుకో" యని అత్తలు కోడండ్రకు బోధించుటయు, ఫ్రిజ్జు ముందు పీట వేయుటయు ఆచారమైనవి. యంత్రము జిల్లుమనుట దాని స్వభావమనియే వారి నమ్మకము. పెరటిలో బొగ్గును ఉప్పును వేసి పాతిన ఎర్తు గుంటకు వేసవిలో రెండు బిందెల నీరు పోయువారు ఎందరు? 30 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము దారితప్పినంతనే రెప్పపాటులో సరఫరాను తెంపివేయు ఆర్.సి.సి.బి.ని, హాలులోని దీపగుచ్ఛమునకు ధారాళముగా వ్యయము చేయుచునే, 'ఖరీదు' అనువారిని చూచినప్పుడు నాకు కోపమే వచ్చును.

ఇంటి వైరింగును లైసెన్సు గల కాంట్రాక్టరుచేతనే చేయింపవలయునని 1956 నాటి విద్యుత్ నిబంధనలలోనే యుండెను. గ్రానైటు రంగు నెంచుటకు మూడు ఊళ్ళు తిరుగు గృహస్థు, గోడలో పోవు తీగను చేతితో పట్టుకొని అడ్డుకోత నైనను చూడడు. ప్లాస్టరింగు అయిన పిమ్మట చూడదలచినను కానరాదు.

అందుచేత గోడలు పూడ్చకముందే పైపులు పోయిన దారులను ఫోటోలు తీయించి, ఒక కాగితముపై అడుగుల కొలతలతో గీయించితిని. మేస్త్రీ మొదట నవ్వినను, పిదప తానే గీతలు సవరించెను. ఆ కాగితమిప్పుడు మెయిన్ బోర్డు తలుపు లోపలివైపున అంటించియున్నది. మొన్న క్యాలెండరుకు మేకు కొట్టబోయిన మనుమడు, సుత్తి చేతబట్టుకొనియే వెళ్ళి దానిని చూచివచ్చి, జానెడు ప్రక్కకు జరిపి కొట్టినాడు.