మెగాపిక్సెళ్లు కాదు, ఇవి కావాలి



రాబోయే కెమెరాలకు మరిన్ని మెగాపిక్సెళ్లు ఉండాలన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. 12×18 అంగుళాల పెళ్లి ఆల్బమ్ పేజీకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 20 మెగాపిక్సెళ్ల లోపే సరిపోతాయి.

మండపంలో ఎల్‌ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫొటో మీద చారలు పడుతుంటాయి. సెన్సర్ దృశ్యాన్ని వరుస తర్వాత వరుసగా నమోదు చేయడమే కారణం. మొత్తం ఒకేసారి నమోదు చేసే గ్లోబల్ షట్టర్‌ను సోనీ 2023లో ప్రకటించిన ఏ9-3లో పెట్టింది. కానీ దాని ధర లక్షల్లో ఉంది. ఆ సౌకర్యం మామూలు కెమెరాలకూ రావాలి.

లైకా ఎం11-పీలో ఉన్నట్టు, ఫొటో ఏ కెమెరాతో తీశారో రుజువు చేసే డిజిటల్ సంతకం కూడా అన్నిటిలో ఉండాలి. కృత్రిమ మేధ బొమ్మలు ముంచెత్తుతున్న ఈ రోజుల్లో నిజమైన ఫొటోకు ఆ రక్షణ అత్యవసరం.

– ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, రాజమండ్రి